కొత్త పెన్ను మూత మీద వెంట్రుకంత గీత: అది పగులేనా?

తన పేరు వేయవద్దంటూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆవిడ రోజూ చేత్తో రాసే మనిషి. డైరీ, ఉత్తరాలు, పనికి సంబంధించిన నోట్సు, అన్నీ ఇంకు పెన్నుతోనే. ఆ సంగతి తెలిసిన తమ్ముడు ఉద్యోగంలో చేరగానే మొదటి జీతంలోంచి అక్కకు ఏరికోరి ఒక మంచి ఫౌంటెన్ పెన్ను కొనిచ్చాడు. ఒళ్లంతా పారదర్శకంగా ఉండి, లోపల ఇంకును పైకి లాగే పిస్టన్ కదలడం బయటికి కనిపించే రకం. పెట్టె విప్పిన రోజంతా అక్క మురిసిపోయింది. మర్నాడు పొద్దున కిటికీ పక్కన కూర్చుని తిప్పి చూస్తుంటే నాలుగు చోట్ల గీతలు కనిపించాయి.

మొదటిది మూత అంచు నుంచి పైకి, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, వెంట్రుక అంటుకున్నట్టుగా ఉంది. రెండోది బ్యారెల్, అంటే పెన్ను గొట్టం, పొడవునా తిన్నగా సాగింది, అవతలి వైపు కూడా సరిగ్గా అలాంటిదే ఉంది. మూడోది క్లిప్పు బిగించిన చోటు కింద కాస్త వంకరగా ఉంది. నాలుగోది వేళ్లతో పట్టుకునే భాగం దగ్గర పెన్ను చుట్టూ ఉంగరంలా తిరిగింది.

ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదేమో. ఈవిడకు పాత అనుభవం ఉంది. ఇంతకుముందు వాడిన పెన్ను మూతకు ఇలాంటి గీతే వస్తే చూసీ చూడనట్టు వదిలేశారు. అది నెమ్మదిగా పైకి పాకి, మూత వదులై, ఒకరోజు సంచిలోనే ఊడిపోయింది. కాగితాలన్నీ ఇంకుపాలయ్యాయి. అందుకే ఇప్పుడు కంటి మీద కునుకు లేదంటున్నారు. మురికేమోనని మూతను ఒకసారి చేతుల శానిటైజర్‌తో తుడిచారు. పాళీ ఎండిపోకూడదని మూత గట్టిగా బిగించారు, అప్పుడు ‘టిక్’ అని చిన్న చప్పుడు వచ్చింది. ఇంకు మాత్రం ఇంకా నింపలేదు. వాపసు గడువు ఒక్క వారమే ఉంది. బిల్లు, ఆర్డరు తమ్ముడి పేరు మీద ఉన్నాయి. ఆ అబ్బాయి ఫోన్ చేసి “రాస్తున్నావా అక్కా?” అని అడిగితే, “రాస్తున్నాను, భలే ఉంది” అని అబద్ధం చెప్పేశారు. భర్తకు చూపిస్తే “గోరంతను కొండంత చేస్తావు, రాసుకోక” అన్నారట. తమ్ముడికి చెప్పకుండా వెనక్కి పంపాలా, చెప్పి అతని మనసు కష్టపెట్టాలా, నోరు మూసుకుని వాడుకోవాలా? అసలు అవి పగుళ్లేనా, నా భయమేనా? ఇదీ ఆవిడ ప్రశ్న.

జవాబు:

మీరు ఇంకా ఇంకు నింపలేదన్న మాట చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకు పడని పెన్నుకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. ఇంకు పోశాక చాలామంది అమ్మకందారులు వాపసు తీసుకోరు. పాళీని ఇంకులో ముంచి ఒక్క గీత గీసినా వాడిన పెన్ను కిందే లెక్కగట్టేవారు ఉన్నారు. కాబట్టి ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా ఇంకు సీసా జోలికి వెళ్లకండి.

ఇంకో రెండు పనులు కూడా ఇవాళ్టి నుంచి మానేయండి. ఒకటి శానిటైజర్. అందులో ఉండేది ఆల్కహాల్. పారదర్శకమైన పెన్నులు ఎక్కువగా అక్రిలిక్‌తోనో, పాలికార్బొనేట్‌తోనో, ఆ కోవకే చెందిన ఇంకో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. అచ్చులో చల్లారేటప్పుడే వీటిలో కొంత బిగువు మిగిలిపోతుంది. ఆ బిగువున్న చోట ఆల్కహాల్ తగిలితే లేని పగులు పుట్టవచ్చు, ఉన్న పగులు పెరగవచ్చు. ఒక్కసారి పైపైన తుడిచినందుకు మీ పెన్ను పాడైపోయిందని నేను అనుకోవడం లేదు, దాని గురించి టెన్షన్ పడకండి. మళ్లీ మాత్రం వద్దు. అసిటోన్ అయితే దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి, అది ఈ ప్లాస్టిక్‌లను కరిగించేస్తుంది. ప్లాస్టిక్‌కీ దాన్ని తాకే ద్రవానికీ పొత్తు కుదరాలన్న సంగతి పెన్నులు చేసేవారికి ఎప్పటినుంచో తెలుసు. 1941లో మార్కెట్లోకి వచ్చిన పార్కర్ 51 కోసం ఆ కంపెనీ తొందరగా ఆరిపోయే ఇంకు ఒకటి తయారుచేసింది. అందులో క్షారం ఎక్కువ. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పెన్నులను అది పాడుచేస్తుంది కాబట్టి వేరే పెన్నుల్లో పోయవద్దని కంపెనీయే హెచ్చరించింది. 51 ఒంటికి మాత్రం దాన్ని తట్టుకునే ల్యూసైట్ అనే అక్రిలిక్ వాడారు. మీ పెన్నును శుభ్రం చేయడానికి గది వేడిలో ఉన్న మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. వేడినీళ్లు కూడా వద్దు.

రెండోది గట్టిగా బిగించడం. మర ఉన్న మూత దాని చోటికి చేరి ఆగిందంటే పని అయిపోయినట్టే. అక్కడి నుంచి వేసే ప్రతి పావు తిప్పూ మూత అంచును బయటికి నెడుతుంది. దాని వల్ల పాళీకి అదనంగా వచ్చే లాభం ఏమీ లేదు. చాలా పెన్నుల్లో గాలి చొరబడకుండా ఆపేది మూత అంచు కాదు. మూత లోపల, పైభాగంలో ఉండే చిన్న లోమూత పట్టు భాగానికి ఆనుకుని ఆ పని చేస్తుంది. అంచును ఎంత బిగించినా పాళీ తడి పెరగదు, అంచు మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుంది.

ఇక మీ నాలుగు గీతల సంగతి. ఉత్తరంలో వాటన్నిటినీ ఒకే గాటన కట్టి “పగుళ్లు” అన్నారు. నాకు మాత్రం అవి నాలుగూ నాలుగు రకాలుగా కనిపిస్తున్నాయి. మీ భర్త మాట మూడింటి విషయంలో నిజం కావచ్చు. మీ అనుమానం ఒకదాని విషయంలో నిజం కావచ్చు.

బ్యారెల్ మీది జంట గీతలను ముందు పక్కన పెట్టేద్దాం. ప్లాస్టిక్ పెన్నును అచ్చులో పోస్తే, ఆ అచ్చు సాధారణంగా రెండు చెక్కలుగా ఉంటుంది. రెండూ కలిసే చోట వస్తువు మీద సన్నటి గీత పడుతుంది. ఒకవైపు ఉంటే ఎదురుగా రెండోవైపు కూడా ఉంటుంది. మీరు రాసింది సరిగ్గా అదే. ఖరీదైన పెన్నుల్లో దాన్ని పాలిష్ చేసి పోగొడతారు, కొన్నిటిలో వదిలేస్తారు. గోటితో అడ్డంగా గీరితే లోపలికి దిగినట్టు కాకుండా పైకి ఉబ్బినట్టు తగులుతుంది, లేదా అసలు తగలదు. పగులు ఇంత తిన్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు స్కేలు పెట్టి గీసినట్టు, పైగా రెండు పక్కలా జంటగా రాదు. దీని గురించి ఇక ఆలోచించకండి.

క్లిప్పు కింద వంకర గీత కాస్త వేరు. క్లిప్పు కోసం మూతలో గాడి ఉండాలి కాబట్టి అచ్చులో ఆ చోట ఒక లోహపు ముక్క అడ్డంగా ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ దానికి అటూ ఇటూ చీలి ప్రవహించి, దాటాక మళ్లీ కలుస్తుంది. అప్పటికే కొంచెం చల్లబడి ఉంటుంది కాబట్టి కలిసిన చోట గీత మిగిలిపోతుంది. చూడటానికి అచ్చం పగులులాగే ఉండటంతో చాలామంది దీన్ని చూసి కంగారుపడతారు. ఇది పగులు కాదు. అయితే మిగతా చోట్ల కంటే ఇక్కడ బలం కాస్త తక్కువన్నది నిజం. అందుకని క్లిప్పును దళసరి గుడ్డల మీదికి లాగి తగిలించకుండా ఉంటే మంచిది.

ఉంగరంలా ఉన్నది బహుశా అతుకే అయి ఉంటుంది, అంటే రెండు భాగాలు కలిసే చోటు. 1966లో వచ్చిన లామీ 2000 అనే జర్మన్ పెన్ను వెనక పిస్టన్ తిప్పే పిడి ఉంటుంది. అది బ్యారెల్‌తో కలిసే చోట గీత ఎంత సన్నగా ఉంటుందంటే, తిప్పితే గాని అక్కడ రెండు భాగాలున్నాయని తెలియదు. మీ పెన్నులో ఆ ఉంగరం చుట్టూ ఒకే మందంతో, ఎక్కడా తెగకుండా, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంటే అది అతుకు. కొంతదూరం వచ్చి ఆగిపోయినా, మరల మధ్య ఏటవాలుగా పాకినా నాకు మళ్లీ అనుమానం వస్తుంది. పట్టు భాగాన్ని బ్యారెల్‌లోకి మరీ బిగిస్తే మర మొదట్లో చుట్టూ తిరిగే పగులు రావడం ఉంది. పిస్టన్ పెన్నులో ఇంకు నేరుగా బ్యారెల్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ పగిలితే వేళ్లకు ఇంకు అంటడం ఖాయం. అదే కార్ట్రిడ్జ్ (ముందే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం)తోనో కన్వర్టర్ (దాని స్థానంలో పెట్టి మళ్లీ మళ్లీ నింపుకునే గొట్టం)తోనో నడిచే పెన్ను అయితే, బ్యారెల్ ఉత్త తొడుగే. అది కాస్త చిట్లినా ఇంకు కారదు.

ఇది చదువుతున్న కొత్తవారి కోసం మధ్యలో ఒక మాట. పాళీ మధ్యలో మొన దాకా ఉండే చీలిక పగులు కాదు, ఇంకు నడిచే దారి అదే. పాళీ మీది రంధ్రం నుంచి పక్కలకు గానీ వెనక్కి గానీ గీత పాకితేనే లోపం.

ఇప్పుడు మూత అంచు. నాకు దిగులు కలిగించింది ఇదొక్కటే. అంచున మొదలవడం, పొడవు దిశలో పైకి పోవడం, జంట లేకపోవడం, బిగిస్తే చప్పుడు రావడం, నాలుగూ ఒకవైపే చూపిస్తున్నాయి. మూతను మర మీద బిగించినప్పుడు అంచు చుట్టుకొలత దిశలో సాగుతుంది. ఆ సాగుడుకు అడ్డంగా పగులు తెరుచుకుంటుంది కాబట్టి అది మూత పొడవునా పైకి పోతుంది. అందుకే కొందరు తయారీదారులు అక్కడ ఒక లోహపు పట్టీ వేస్తారు, ఆ సాగుడును అది భరిస్తుంది. మీరు పట్టీ సంగతి రాయలేదు, మీ మూత అంచు ఉత్త ప్లాస్టికే అనుకుంటున్నాను.

అయినా నేను చూడకుండా తీర్పు చెప్పలేను. మీరే చూడొచ్చు. చూడటానికి ఇంకు అక్కర్లేదు, బలమూ అక్కర్లేదు.

రాత్రిపూట గదిలో లైట్లు తీసేసి, నల్లటి గుడ్డ పరిచి, ఫోను టార్చిని పక్క నుంచి పడేలా ఆనించి పెట్టండి. మూతను విడిగా తీసి, ఆ వెలుతురులో చాలా నెమ్మదిగా తిప్పండి. పగులంటే రెండు ప్లాస్టిక్ గోడల మధ్య చిక్కుకున్న పల్చటి గాలి పొర. ఒక కోణంలో అది వెండి రేకులా తళుక్కుమంటుంది. ఇంకొంచెం తిప్పితే మాయమైపోతుంది. పైగా అది గీతలా కాకుండా, గోడ మందంలోకి దిగిన చిన్న రేకులా, వైశాల్యం ఉన్నట్టు కనిపిస్తుంది. గీరుడు, అచ్చు గీత అలా చేయవు. ఎటు తిప్పినా అవి ఉపరితలం మీదే, ఒకేలా ఉంటాయి. తర్వాత మూతను తలకిందులుగా పట్టుకుని నోటి అంచును సూటిగా చూడండి. గీత బయటి వైపు నుంచి లోపలి వైపుకు అంచు మందాన్ని దాటుకుంటూ పోతోందా? లోపలి గోడ మీద కూడా అదే చోట కనిపిస్తోందా? అలాగైతే అది పగులే, నా మట్టుకు నాకు ఇంకో పరీక్ష అక్కర్లేదు.

భూతద్దం వాడతానంటే వాడండి, పదింతలు చేసి చూపించే చిన్న లూప్ సరిపోతుంది. కానీ ముందు మామూలు కంటితో అనుమానం వచ్చిన చోటును గుర్తుపెట్టుకుని, దాన్ని తేల్చుకోవడానికి మాత్రమే అద్దం పెట్టండి. అద్దం పెట్టి పెన్నంతా వెతకడం మొదలుపెడితే, లోపం లేని పెన్ను ఈ భూమ్మీద దొరకదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌లో బుడగలు, ప్రవాహపు చారలు, లేత్ మీద చెక్కిన దానిలో గుండ్రటి చారలు, అన్నీ కనిపిస్తాయి. మీరు రాసిన తీరు చూస్తే ఇప్పటికే ఆ పెన్నును చాలాసేపు పరీక్షగా చూశారనిపించింది. అనుమానం పెనుభూతం అన్నారు కదా, కళ్లు అలిసిపోయినప్పుడు చూడకండి.

వెలుతురులో కూడా తేలకపోతే మూతను పెన్ను మీద పెట్టి, ఆ గీతనే చూస్తూ, రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ వెళ్లండి. ఆగిన చోట ఆపేయండి. పగులైతే బిగుసుకునే కొద్దీ గీత మెరుపు పెరుగుతుంది, లేదా పొడవు కాస్త సాగుతుంది. వదులు చేయగానే మళ్లీ మూసుకుంటుంది. అచ్చు గీతకు ఇదేం పట్టదు. ఒక్కసారి చూస్తే చాలు, పదే పదే చేయకండి. ఈ రెండు స్థితుల్లోనూ ఎవరిచేతైనా ఫొటో తీయించి దాచండి, తర్వాత పనికొస్తాయి.

ఇంకో చిట్కా నాకు చాలా ఇష్టం. పుల్ల కొనతో ఒక్క చుక్క మంచినీళ్లు తీసుకుని గీత మొదలయ్యే అంచు దగ్గర తాకించండి. పగులు తెరిచి ఉంటే నీరు సన్నటి సందులోకి దానంతట అదే పాకుతుంది. లోపల గాలి స్థానంలో నీరు చేరగానే ఆ వెండి మెరుపు మందగిస్తుంది. కాంతి వంగే తీరులో గాలి కంటే నీరు ప్లాస్టిక్‌కు దగ్గర కాబట్టి అలా జరుగుతుంది. పైన తడి తుడిచేసినా గీత మెరవకుండానే ఉండి, ఆరాక మళ్లీ మెరిస్తే ఇక సందేహం లేదు. మరీ బిగుతైన పగుల్లోకి నీరు దిగకపోవచ్చు, కాబట్టి ఏ మార్పూ లేకపోయినంత మాత్రాన పగులు లేనట్టు కాదు. ఇంకుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. పగుల్లోకి దిగిన ఇంకు కడిగినా రాదు, వాపసు దారి కూడా మూసుకుపోతుంది.

పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని ఎల్‌సీడీ మానిటర్ తెల్లటి వెలుగుకు అడ్డంగా పారదర్శకమైన పెన్నును పెట్టి చూస్తే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయని ఎవరైనా మీకు చెప్పొచ్చు. చూడటానికి బాగుంటుంది. ఆ రంగులు చూపించేది ప్లాస్టిక్‌లోని బిగువును, పగులును కాదు. పాలికార్బొనేట్‌లో ఏ లోపం లేకపోయినా రంగులు కనిపిస్తాయి. మీరున్న పరిస్థితిలో అది చూసి ఇంకో రాత్రి నిద్ర పోగొట్టుకోవద్దు.

పిస్టన్‌తో నీళ్లు నింపి, పెన్నును తుడిచి, తెల్లటి టిష్యూ కాగితం చుట్టి, పాళీ పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టి, గంటా రెండు గంటలయ్యాక తడి మరక ఎక్కడుందో చూడటం కూడా మంచి పరీక్షే. బ్యారెల్ కారుతుందో లేదో అది చెబుతుంది. కానీ నీళ్లు లోపలికి పోతే వాడిన గుర్తులు మిగులుతాయి, అమ్మకందారు దాన్ని కూడా తప్పు పట్టొచ్చు. మీ అనుమానం మూత మీద కాబట్టి ఇది మీకు అవసరం లేదు. ఉంగరం గీత అతుకులా కనిపించకపోతే మాత్రం ముందు అమ్మినవారిని అడిగి, వాళ్లు సరేనన్నాకే చేయండి.

ఇవన్నీ చూశాక అది అచ్చు గుర్తేనని తేలితే ఇంకు నింపుకుని రాసుకోండి. మొదటిసారి మెరుపు పొడులు లేని మామూలు ముదురు రంగు ఇంకు పోయండి. ఏదైనా సందు ఉంటే ఆ రంగే దాన్ని పట్టిస్తుంది. అయితే మరల మధ్య చేరే ఇంకును చూసి కంగారు పడకండి, సన్నటి సందు ఎక్కడుంటే అక్కడికి ఇంకు పాకుతుంది, కడిగితే పోతుంది. మూతలో అప్పుడప్పుడు కనిపించే ఇంకు చుక్కలు కూడా పెన్ను కుదుపుకు చిమ్మినవే కావచ్చు.

పగులని తేలితే మీ ముందు మూడు దారులున్నాయి.

పెన్ను మొత్తం మార్పించుకోవడం మొదటిది. గడువు ఉండగా ఇదే సులువు. ఇబ్బంది ఒకటే, తమ్ముడి చేతి నుంచి వచ్చిన ఆ పెన్ను మీ దగ్గర ఉండదు, అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. మీ ఉత్తరంలో “వాడు ఇచ్చింది ఇదే కదా” అన్న మాట ఉంది, అందుకే దీన్ని చిన్న విషయంగా తీసేయలేకపోతున్నాను. ఆ మాట మీకు అంత ముఖ్యమైతే, రెండో దారిగా మూత ఒక్కటే పంపమని అడగండి. పెన్ను ఒళ్లు, పాళీ, పిస్టన్ బాగున్నప్పుడు మూత మాత్రం మార్చి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. దీనికి రోజులు పట్టొచ్చు, గడువు దాటిపోవచ్చు. అందుకని “మూత వచ్చి సరిపోయేదాకా మా వాపసు హక్కు అలాగే ఉంటుంది” అన్న మాట వాళ్ల చేత రాతపూర్వకంగా అనిపించుకోండి. వాళ్లు అనకపోతే మొదటి దారే మేలు.

మూడోది, తెలిసే వాడుకోవడం. ఇది తప్పని నేను అనను. అంచున ఉన్న చిన్న పగులు చాలాకాలం అక్కడే ఆగిపోవచ్చు. ముందే చెప్పినట్టు గాలిని ఆపేది లోమూత కాబట్టి పాళీ వెంటనే ఎండిపోదు కూడా. అయితే పాళీ ఎండట్లేదు కదా అని పగులు పెరగట్లేదనుకోవద్దు. మూత తీసి పెట్టిన ప్రతిసారీ ఆ అంచు సాగుతూనే ఉంటుంది. రాసేటప్పుడు మూతను పెన్ను వెనక తగిలించే అలవాటు ఉంటే మానుకోవాలి, వెనక తగిలించినప్పుడు పెన్ను చివర మేకులా పని చేసి అంచును చీలుస్తుంది. ఇంట్లో బల్ల మీద రాసుకునే పెన్నుగా ఉంచుకోవాలి, సంచిలో వేసుకుని తిరగకూడదు. ఒకసారి కాగితాలన్నీ పోగొట్టుకున్న మీరు ఈ పెన్నుతో మనసు కుదుటపడి రాయగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. నాకైతే అనుమానమే.

సూపర్ గ్లూతో అతికించే దారిని నేను లెక్కలోకే తీసుకోలేదు. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది, తర్వాత ఏ కంపెనీ ఆ పెన్నును ముట్టుకోదు.

ఇక తమ్ముడు. ఉత్తరంలో అసలు ముడి ఇక్కడే పడింది. చెప్పకుండా వెనక్కి పంపుదామన్నారు. ఆర్డరు అతని పేరు మీద ఉందంటే వాపసు సమాచారం కూడా అతని ఫోనుకే వెళ్తుంది. అక్క ఏమీ చెప్పకుండా నేనిచ్చిన పెన్ను తిప్పి పంపేసిందని అలా తెలిస్తే ఎంత నొచ్చుకుంటాడో ఊహించండి. చెప్పకుండా వాడుకుంటే, కొన్ని నెలలకు పగులు పైకి పాకిన రోజున “అప్పుడే చెప్పొచ్చు కదా, మార్పించేవాణ్ని” అంటాడు. అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు, భలే ఉందని మీరు చెప్పిన మాట మాత్రం మిగులుతుంది. అది చిన్న అబద్ధమే, అతని సంతోషం కోసం ఆడినదే. ఇవాళ సరిదిద్దుకుంటే ఇద్దరికీ తేలిక.

అతను బాధపడతాడేమోనని మీరు జంకుతున్నారు. నిజానికి ప్లాస్టిక్ ఎక్కడ చిట్లిందన్నది ఆ అబ్బాయి ప్రేమకు సంబంధించిన సంగతి కాదు, ఆ తేడా అతనికీ తెలుసు. మీరు ఎలా మొదలుపెడతారన్న దాన్ని బట్టే ఉంటుంది. “నువ్వు కొన్న పెన్ను పగిలిపోయింది” అంటే తన ఎంపికే తప్పన్నట్టు వినిపిస్తుంది. “పెన్ను నాకు చాలా నచ్చిందిరా. నిన్న రాస్తున్నానని అన్నాను గానీ ఇంకా ఇంకు పోయలేదు. మూత అంచున ఒక గీత కనపడింది, పగులేమోనని అనుమానం. మార్పించుకోవడానికి వారమే టైమ్ ఉంది, బిల్లు నీ దగ్గరే ఉంది కదా, ఫొటోలు పంపుతాను చూడు” అనండి. తీర్పు మీరు చెప్పకుండా గీతను అతని కళ్లతో చూడనివ్వండి. దగ్గర్లో ఉంటే ఆ టార్చి పరీక్ష ఇద్దరూ కలిసే చేయండి. మీ భర్తను కూడా పిలవండి. బ్యారెల్ గీతల గురించి ఆయన అన్నది సరైనదేనని మీరు ఒప్పుకుంటే, అంచున తళుక్కుమనే రేకును చూడటానికి ఆయనా ముందుకొస్తారు.

అమ్మినవారికి రాసేది కూడా తమ్ముడి పేరు మీదే వెళ్లాలి. పొడుగాటి ఫిర్యాదు అక్కర్లేదు. పెన్ను ఎప్పుడు అందింది, గీత ఎప్పుడు చూశారు, ఎక్కడ ఉంది, ఇంకు నింపలేదు, మార్చి ఇవ్వమని కోరుతున్నాం, అంతే. శానిటైజర్‌తో ఒకసారి తుడిచిన విషయం దాచకండి. గీత కనిపించాకే తుడిచారు కాబట్టి మీ వైపు నుంచి దాచాల్సింది ఏమీ లేదు, తర్వాత బయటపడితే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ‘టిక్’ చప్పుడు సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయండి. జతగా మూడు ఫొటోలు పెట్టండి: పక్క వెలుతురులో గీత మెరుస్తున్నది, నోటి అంచును సూటిగా తీసినది, మూత బిగించినప్పుడు అదే గీత ఎలా ఉందో చూపేది. “అది అచ్చు గీత, మామూలే” అని వాళ్లు తిప్పి రాస్తే, బిగించినప్పటి ఫొటోను, వదులు చేసినప్పటి ఫొటోను పక్కపక్కన పెట్టి పంపండి. అచ్చు గీత మూత బిగిస్తే మారదని వాళ్లకు తెలుసు.

ఉత్తరం ఇవాళే వెళ్లాలి, వారం చివరిదాకా ఆగకండి. జవాబు వచ్చేలోపు మూతను వదులుగా పెట్టి, పెన్నును పెట్టెలోనే ఉంచండి. మార్చిన పెన్ను వచ్చినా, మూత ఒక్కటే వచ్చినా, ఒకే విడతలో చేసినవాటికి ఒకే బలహీనత ఉండే అవకాశం ఉంది. కాబట్టి ముందు అంచునే పక్క వెలుతురులో ఒక చుట్టు తిప్పి చూడండి, నెమ్మదిగా మూత బిగించి ఇంకోసారి చూడండి. మెరుపేమీ కనిపించకపోతే అప్పుడు ఇంకు నింపి, తమ్ముడికి మొదటి ఉత్తరం దాంతోనే రాయండి.